నార్మల్ మారిన వేసవి

జనవరి 9, సోమవారం

కొత్త పని నా నెత్తిన పడింది. పదేళ్లకోసారి వచ్చే పని. ముప్పై ఏళ్ల సగటు మళ్లీ వేయాలి. పాత ముప్పైలోంచి మొదటి పదేళ్లు తీసేసి, మొన్నటితో అయిపోయిన పదేళ్లు కలపాలి. అప్పుడు ఏడాదిలో ప్రతి రోజుకీ కొత్త నార్మల్ వస్తుంది. ఫలానా రోజున ఈ ఊళ్లో మామూలుగా ఉండే వేడి ఇంత, చలి ఇంత అని చెప్పే అంకె.

క్లైమేట్ సెక్షన్‌లో ఐదుగురం ఉండేవాళ్లం. ఒకామె డెలివరీకి వెళ్లింది. ఒకాయన రిటైరయ్యాడు. ఒకాయన ట్రాన్స్‌ఫర్. మిగిలింది నేనూ, కామా గారూ. కామా గారంటే మా సెక్షన్ హెడ్. ఏ కాగితం ఇచ్చినా ముందు కామాలు సరిచేస్తాడు, తర్వాత విషయం చదువుతాడు. ఓపిక ఉంటే.

మార్చి మొదటికల్లా అయిపోవాలట. ఏప్రిల్ నుంచి అమలు.

జనవరి 15, ఆదివారం

బావకి సెలవు. అంటే ఇంట్లో ఇంకెవరికీ సెలవు లేనట్టే.

పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడి, మరదలా, ఇవాళ బట్టలు ఆరేసుకోవచ్చా, మీ ఆఫీసు పర్మిషన్ ఉందా అని అడిగాడు. ఆకాశం చూసుకోండి బావా అన్నాను. ఆకాశం మేమే చూసుకుంటే నీకు జీతం ఎందుకంట అన్నాడు. అక్క లోపల్నుంచి, పొద్దున్నే దాన్ని ఏడిపించకండి, ఆ బకెట్ మేడ మీదికి పట్టుకెళ్లండి అని కేకేసింది. బకెట్ పట్టుకుని మెట్ల దగ్గర కూడా ఆగాడు. నాలుగు చినుకులు పడితే బాధ్యత ఎవరిది అని అడిగి మరీ వెళ్లాడు.

ఈ ఇంట్లో నేను చేరి ఆరేళ్లు. మూడో అంతస్తు, రెండు గదులు, పైన కప్పు తప్ప ఇంకేం లేదు. నా ఉద్యోగం ఈ ఊళ్లో పడింది కాబట్టి అక్కావాళ్లతోనే ఉంటున్నాను. బావ రోడ్లు వేసే గుంపుకి మేస్త్రీ. తారు కలిపిన కంకర లారీల్లో పొగలు కక్కుతూ వస్తుంది. మెషీన్ దాన్ని పరుస్తుంది, వెనక మనుషులు పారలతో సర్దుతారు, వాళ్ల వెనక రోలరు. చల్లారేలోపు అంతా అయిపోవాలి. అందుకని రోడ్డు మీద బావ నిలబడగా ఎవరూ చూడలేదు, పరిగెత్తుతుంటాడు.

భోజనాల దగ్గర అక్క, ఏంటే ఈ మధ్య కళ్లు అలా పీక్కుపోయాయి, ఏం చేయిస్తున్నారు నీచేత అంది. చెప్పాను. ఆఫీసు వెనక గడ్డిలో తెల్ల చెక్కపెట్టె ఉంటుంది కదా, అందులో థర్మామీటర్ చూసి ఇవాళ ఇంత అని రాస్తారు. అది వెదర్. అలా ముప్పై ఏళ్లు రాసినవన్నీ కలిపి సగటు తీస్తే, అది క్లైమేట్. అక్కకి ఎక్కలేదు. రెండూ ఎండే కదే అంది.

బావ చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, ఇవాళ రోడ్డు మీద పోయిన లారీ వెదరు, లారీలు పోయి పోయి రోడ్డు మీద పడిన పల్లం క్లైమేటు, అంతేగా అని.

ఫర్వాలేదు, పాసయ్యారు అన్నాను.

ఆ పెట్టె దేనికి అని అడిగాడు. థర్మామీటర్ మీద ఎండ పడకూడదు, గాలి ఎంత వేడిగా ఉందో అది మాత్రమే కొలవాలి, అందుకని నీడలో పెడతాం, గాలి ఆడేలా చుట్టూ రెక్కలుంటాయి అన్నాను. మా గుంపుకి కూడా అలాంటి పెట్టె ఒకటి చేయించండి, అందులో కూర్చుని రోడ్డేస్తాం అన్నాడు. అక్క పొలమారేంత నవ్వింది.

ఫిబ్రవరి 6

పన్నెండేళ్ల కిందట ఎవరో ఆ పెట్టెని గోడ దగ్గర్నుంచి గడ్డి మధ్యకి జరిపారు. గోడ వేడి పోయి అంకెలు కాస్త తగ్గాయి. ఊరు చల్లబడింది అనుకోకూడదు, పెట్టె జరిగింది అంతే. ఆ తేడా ఎంతో కనిపెట్టి సరిచేయడానికి ఇవాళంతా పట్టింది.

ఫిబ్రవరి 23

మనసేం బాగాలేదు.

రూలు ఇదీ. రేపటి వేడి నార్మల్ కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటుందని అంచనా వస్తే మా ఆఫీసు వడగాలుల హెచ్చరిక ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజు పన్నెండు నుంచి నాలుగు దాకా బయటి పనులన్నీ ఆపాలి. ఆపకపోతే కాంట్రాక్టర్ మీద కేసు. అందుకే ఆపుతారు.

కొత్త నార్మల్స్ అన్నీ పెరిగాయి. పెరగవా మరి, పోయిన పదేళ్లలో ఎండలు అలా ఉన్నాయి. మే నెలంతా డిగ్రీలో సుమారు నాలుగు పదోవంతులు. వినడానికి అదో లెక్కా అనిపిస్తుంది. కానీ నార్మల్ పైకి జరిగితే నాలుగున్నర కూడా దానితోపాటు పైకి జరుగుతుంది.

ఊరికే ఉండలేక పోయిన వేసవిని కొత్త నార్మల్ పక్కన పెట్టి చూశాను. పోయినసారి హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో సగానికి పైగా ఎగిరిపోయాయి. అవే రోజులు. అదే ఎండ.

కామా గారికి చూపించాను. కళ్లజోడు పైకి తోసి రెండుసార్లు చూశాడు. లెక్క కరెక్టే అన్నాడు. లెక్క కరెక్టని నాకూ తెలుసు. మరి హెచ్చరికలు తగ్గిపోతాయి కదా సార్ అన్నాను. ఆ నాలుగున్నర మనం పెట్టింది కాదమ్మా, కార్మిక శాఖ వాళ్లది, మనం కొలుస్తాం, గీత వాళ్లు గీస్తారు, నోట్ పెట్టు, పైకి పంపుదాం అన్నాడు.

పెట్టాను. మూడు కామాలు సరిచేసి సంతకం పెట్టాడు.

మార్చి 3

పని అయిపోయింది. డైరెక్టర్ గారు నన్ను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 21

నోట్ సంగతి అడిగాను. పైన ఉందన్నారు. మా బిల్డింగ్‌కి రెండే అంతస్తులు.

ఏప్రిల్ 27

ఇవాళ ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే చెప్పుల్లోంచి అరికాళ్లు కాలాయి. హెచ్చరిక లేదు.

బావ వచ్చీ రాగానే చొక్కా విప్పి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. మెడ వెనక చర్మం పొట్టు లేస్తోంది. ఏంటి మరదలా, ఈ ఏడాది మీవాళ్లంతా నిద్రపోతున్నారా, పోయినేడు ఈపాటికి ఎన్ని మధ్యాహ్నాలు ఆపాం అన్నాడు. విషయం చెప్పాను. మెల్లగా, రెండుసార్లు.

ముందు నవ్వాడు. అంటే పదేళ్లు వరసగా కాలిస్తే ఇక అది కాలడం కాదన్నమాట అన్నాడు. అలా కాదు బావా, నార్మల్ అంటే మంచిదని కాదు, అలవాటుగా ఉండేది అని అంటూ ఆగిపోయాను. మరి ఈ కొత్త నార్మల్ సంగతి మా ఒంటికి ఎవరు చెప్తారు అన్నాడు.

జోకుగానే అన్నాడు. నేను లేచి నీళ్లు తెచ్చిచ్చాను.

మే 10, సాయంత్రం

రేపటి అంచనా నలభై రెండు పాయింట్ ఎనిమిది. రేపటి కొత్త నార్మల్ ముప్పై ఎనిమిదిన్నర. తేడా నాలుగు పాయింట్ మూడు. పాత నార్మల్ ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి. దాంతో చూస్తే నాలుగు పాయింట్ ఏడు, హెచ్చరిక వచ్చేది.

ఫోర్‌కాస్ట్ గదికి వెళ్లాను. డ్యూటీలో మేడమ్ ఒక్కతే ఉంది. నన్ను అమ్మాయ్ అని పిలుస్తుంది, మొదటి రోజు నుంచీ మంచిగా ఉంటుంది. మేడమ్, రేపు మా బావ రోడ్డు మీదే ఉంటాడు, నలభై రెండు ఎనిమిదిని నలభై మూడు చేయకూడదా అన్నాను. సిగ్గు లేకుండా అడిగాను. కంప్యూటర్ చెప్పేదానికి ఒక డిగ్రీ అటూ ఇటూ పోవడం మామూలే, రెండు పదోవంతులు ఎవరు పట్టించుకుంటారు అని కూడా అన్నాను.

ఆవిడ కుర్చీ నావైపు తిప్పింది. ఇవాళ మీ బావ కోసం పెంచుతాను, రేపు ఇంకెవరో మేనకోడలి పెళ్లి, వాన కాస్త తగ్గించి రాయండి అంటారు, ఆ తర్వాత నిజంగా హెచ్చరిక ఇచ్చిన రోజు కూడా ఒక్కడు ఆపడు అంది. కోపంగా అనలేదు. కూర్చో, టీ తాగు అంది. బులెటిన్ చివర, ఎండ తీవ్రంగా ఉంటుంది, బయట పనిచేసేవారు జాగ్రత్త అని నా ఎదురుగానే ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యంతో ఏ పనీ ఆగదని ఆవిడకీ తెలుసు.

ఆవిడ చెప్పింది తప్పని అనలేను. అదే ఏడుపు.

ఇంటికొచ్చి బావతో చెప్పాను, రేపు వెళ్లొద్దు, వెళ్లినా పన్నెండుకి ఆపేయండి అని. హెచ్చరిక ఇచ్చారా అన్నాడు. లేదన్నాను. మరేం చెప్పి ఆపమంటావు, మా మరదలికి భయంగా ఉందని చెప్పనా అన్నాడు. పెద్ద రోడ్డట, ట్రాఫిక్ మళ్లించడానికి రెండు రోజులే ఇచ్చారట. నువ్వు కాగితం తెస్తే ఒక్క నిమిషం పనిచేయను, ప్రామిస్ అని చెయ్యి చాపాడు. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర కాగితం లేదు.

అక్క రెండు నీళ్ల సీసాలు ఎక్కువ పెట్టింది.

మే 11, ఉదయం 11:50

ఫోన్ చేశాను. వెనక మెషీన్ హోరు. వినపడటం లేదు, తర్వాత చెయ్యి అన్నాడు. నీళ్లు తాగారా అని అరిచాను. కామా గారు తలెత్తి చూశాడు. తాగా తాగా అన్నాడు బావ, పెట్టేశాడు.

మే 11, సాయంత్రం, ఆసుపత్రి వరండా

రెండున్నరకి రోలరు డ్రైవర్ ఫోన్ చేశాడు. మేస్త్రీ పడిపోయాడమ్మా అన్నాడు.

తర్వాత తెలిసింది, పార మనుషుల్లో ఒకడు రాలేదు. చల్లారిపోతుందని బావే పార అందుకున్నాడు. ముందు మెషీన్, కింద పొగలు కక్కే తారు, పైన ఎండ. రెండింటికి మాటలు తడబడ్డాయట. లేని లారీని వెనక్కి తీయమని చెయ్యి ఊపాడట. అందరూ జోకు చేస్తున్నాడనుకుని నవ్వారట. మా బావ కదా. ఇంకెవరైనా అయితే ముందే పట్టుకునేవాళ్లేమో.

నేను వచ్చేసరికి ఒంటి మీద చెమట చుక్క లేదు. చర్మం పొడిగా, ఎర్రగా ఉంది. చంకల్లో, మెడ చుట్టూ ఐసు పెట్టారు, తడి బట్టలు కప్పి రెండు ఫ్యాన్లు తిప్పారు. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. లోపలి వేడి నలభై ఒకటి దాటిందని డాక్టర్ చెప్పాడు. కుర్రాడే. ఎంతసేపు అలా ఉందో తెలిస్తే చెప్పండి, అదే ముఖ్యం అన్నాడు. మాకు తెలియదు.

మనిషి ఒంటికి ముప్పై ఏడు. ఎప్పుడో ఎవరో కొలిచి పెట్టారు, ఎవరూ మార్చలేదు.

అక్క గోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఏడవడం లేదు. బావ చెప్పులు ఒళ్లో పెట్టుకుంది, అడుగున తారు అంటుకుని ఉంది, చీరకి అంటుకుంటోంది. తీసుకోబోతే ఇవ్వలేదు.

ఫోర్‌కాస్ట్ మేడమ్ ఫోన్ చేసింది. ఎలా ఉన్నాడని అడిగింది. చెప్పాను. తర్వాత తనే, ఇవాళ నలభై రెండు తొమ్మిది వచ్చిందమ్మాయ్ అంది. నలభై రెండు తొమ్మిది అంటే తేడా నాలుగు పాయింట్ నాలుగు. అంటే అంచనా సరిగ్గా చెప్పి ఉన్నా హెచ్చరిక ఉండేది కాదు.

నాకెందుకు చెప్పిందో. ఆవిడకి కూడా ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని ఉందేమో.

మే 12

అలాగే ఉన్నాడు.

మే 14

కళ్లు మమ్మల్ని చూశాయి. అక్క చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోబోయి రెండుసార్లు పక్కన మంచం కమ్మీ పట్టుకున్నాడు, మూడోసారి దొరికింది.

మే 19

డాక్టర్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. అక్క దండం పెట్టింది. ఆయన ఆ చేతులు దించమని, ఇంకా చెప్పాల్సింది ఉందన్నాడు. వేడికి చిన్న మెదడు దెబ్బతింది. నడకలో అదుపు, చేతిలో గురి, మాటలో స్పష్టత చూసేది అదేనట. తెలివికేం ఢోకా లేదు, అన్నీ అర్థమవుతాయి అన్నాడు. ధైర్యం చెప్తున్నాననుకున్నాడు పాపం.

ఎప్పటికి మామూలవుతాడు అని అక్క అడిగింది. ఆరు నెలలు చూద్దాం అన్నాడు. కొంత రావచ్చు, అంతా రాకపోవచ్చు అన్నాడు. మా ఆఫీసు బులెటిన్ భాష అది.

మే 26

బావ గుంపు వాళ్లు చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒకతను, ఈ ఏడాది ఒక్క హెచ్చరికైనా ఇవ్వలేదేంటమ్మా, మీరు ఆ ఆఫీసే కదా అన్నాడు. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవాలని.

వాళ్లు వెళ్లాక అక్క అడిగింది, అవునే, ఎందుకివ్వలేదు అని. ఏప్రిల్‌లో బావతో చెప్పాను కదక్కా అన్నాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఎండలు పెరిగాయని మామూలు పెరిగింది, మామూలు పెరిగిందని హెచ్చరిక తగ్గింది, అంతేనా అంది. అంతే అన్నాను. ఆ మామూలు ఎవరు పెంచారు అంది. ఎవరూ పెంచలేదక్కా, అది లెక్క, పెరిగిందని తేలింది అన్నాను. లెక్క ఎవరు వేశారు అంది.

నేనే అన్నాను.

నా మొహం చూసింది. తిట్టమని మనసులో దండం పెట్టుకున్నాను. తిట్టలేదు. ఆ దుప్పటి ఇటు చివర పట్టుకో, మడత పెడదాం అంది. పట్టుకున్నాను.

జూన్ 8

ఇంటికి తెచ్చాం. మూడంతస్తులు. రోలరు డ్రైవరూ నేనూ చెరో పక్క. ప్రతి మెట్టూ కాలితో వెతుక్కున్నాడు. రెండో అంతస్తులో ఆగి ఏదో అన్నాడు. రోలరు డ్రైవర్‌కి అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఇద్దరం ఊ అన్నాం. మాకు అర్థం కాలేదని బావకి అర్థమైంది. తర్వాత మాట్లాడలేదు.

జూన్ 19

వాన. బట్టలు తడిశాయి. ఎవరూ ఏమీ అనలేదు.

జూలై 3

నోట్‌కి జవాబు వచ్చింది. లేవనెత్తిన అంశం ముఖ్యమైనది, హెచ్చరిక పరిమితిని నార్మల్‌తో కాకుండా నేరుగా వేడితో, తేమతో ముడిపెట్టే విషయం తదుపరి సమీక్షలో పరిశీలించబడును. తదుపరి సమీక్ష అంటే ఎప్పుడు సార్ అన్నాను. కామా గారు కాగితం చాలాసేపు పట్టుకున్నాడు. కొత్త నార్మల్స్ వేసినప్పుడు కాబోలమ్మా అన్నాడు. అంటే పదేళ్లు.

ఒక్క కామా కూడా సరిచేయలేదు. కాగితం నా టేబుల్ మీద పెట్టి, లంచ్ బాక్స్ తెరవకుండానే బయటికి వెళ్లిపోయాడు.

ఆగస్టు 17

మే నెల డేటా ఫైనల్ చేయడానికి నా దగ్గరికి వచ్చింది. ప్రతి నెలా వచ్చేదే. ఏదైనా అంకె తేడాగా కనిపిస్తే పక్కన గుర్తు పెట్టాలి, పరికరం తప్పో, మనిషి తప్పో చూడాలి. మే 11 దగ్గర ఆగాను. తప్పేమైనా దొరుకుతుందేమోనని అన్నీ చూశాను. థర్మామీటర్ సరిగ్గా ఉంది. పెట్టె తలుపు మూసే ఉంది. గడ్డి కోసే ఉంది. చూసినాయన టైముకే చూశాడు.

ఓకే కొట్టాను. ఇక ఆ రోజు కూడా వచ్చే ముప్పై ఏళ్ల సగటులోకి వెళ్తుంది. నార్మల్‌ని తన వంతు కాస్త పైకి నెడుతుంది.

అక్టోబర్ 2

బావకి గ్లాసు పట్టుకోవడం ప్రాక్టీసు. నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణికి నీళ్లన్నీ చొక్కా మీద. ఇవాళ గ్లాసు గోడకేసి కొట్టాడు. అక్క తుడిచింది. మళ్లీ నింపి ఇచ్చింది. తాగలేదు.

నవంబర్ 25

ఆరు నెలలు అయ్యాయి. డాక్టర్ మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశాడు, గీత మీద నడవమన్నాడు. నాలుగడుగులు. గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు కదా, చాలా మెరుగే అన్నాడు. ఇకనుంచి ఇంతేనా అని అక్క అడిగింది. డాక్టర్ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. బావ కిటికీ వైపు చూశాడు.

ఏప్రిల్ 21, ఆదివారం

మళ్లీ ఎండలు. ఇవాళ పొద్దున మా వీధిలోనే రోడ్డు మొదలుపెట్టారు. బావ పాత గుంపే. రోలరు చప్పుడు వినగానే మంచం మీంచి లేచాడు. వద్దండీ అని అక్క తలుపుకి అడ్డం నిలబడింది. ఆమెని తొయ్యలేదు, మెల్లగా పక్కకి జరిపాడు. మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుకుంటూ దిగడం మొదలుపెట్టాడు. ఇంక నేనే వెళ్లి చెయ్యి అందించాను. అక్క నన్ను ఒక చూపు చూసింది.

గుంపంతా పని ఆపి వచ్చారు. ఒకతను టీ కొట్టు నుంచి కుర్చీ తెచ్చాడు, గోడ నీడలో వేశాడు. బావ తల అడ్డంగా ఊపాడు. మెషీన్ పక్కన చూపించాడు. అక్కడ వేశారు. కూర్చుని, తారు పరుస్తుంటే వేలెత్తి ఒకచోట చూపించాడు. చెయ్యి వణికి వేలు ఊరంతా తిరిగింది. అయినా పార అతను సరిగ్గా అక్కడికే వెళ్లి సర్దాడు. బావ ఊ అన్నాడు.

తేడా మూడు పాయింట్ తొమ్మిది. హెచ్చరిక లేదు.

అదే రోజు, మధ్యాహ్నం 1:15

రమ్మంటే రావడం లేదు. గుంపు వాళ్లు చెప్పారు, నేను చెప్పాను. అక్క పైకొచ్చి గొడుగు తీసుకుని దిగింది. కుర్చీ వెనక నిలబడి పట్టుకుంది. కిటికీలోంచి కనిపిస్తోంది. గొడుగు మొత్తం బావ మీదే ఉంది. అక్క ఎండలో ఉంది.